కథ ఒకటే... చదివే గొంతు మారితే?

కథాసాహిత్యం నేడు మన ఇళ్లలోకి చెవి ద్వారా కూడా ప్రవేశిస్తోంది. వంటింట్లో పని చేసుకుంటూ తల్లి ఒక నవల వింటోంది. చూపు మందగించిన తాతగారు మనవడి చేత ఫోనులో కథ పెట్టించుకుని మంచం మీద ఒరిగి వింటున్నారు. గల్ఫ్ దేశాల్లో వాహనాలు నడుపుకుంటూ పొట్టపోసుకుంటున్న మన యువకులు సుదీర్ఘమైన దారుల్లో తెలుగు కథలనో, ఉర్దూ అఫ్సానాలనో తోడు తెచ్చుకుంటున్నారు. పుస్తకం ముట్టడానికి బద్ధకించే పిల్లవాడు సైతం మంచి కథ వినిపిస్తే అరగంట కదలకుండా కూర్చుంటాడు. ఆడియో బుక్స్ అని పిలుస్తున్న ఈ శ్రవణ పుస్తకాలు సక్రమంగా వాడుకుంటే ఒక వరమే.

తల్లిదండ్రులు మమ్మల్ని తరచుగా అడిగే ప్రశ్న ఒకటుంది. ‘‘మౌలానా సాబ్! ఫలానా కథల పుస్తకం పిల్లలకు వినిపించవచ్చా?’’ అంటారు. అడగవలసిన ప్రశ్నే. కానీ దానితోపాటు మరో ప్రశ్న కూడా వేసుకోవాలి. ఆ పుస్తకాన్ని చదువుతున్నది ఎవరు? ఎలా చదువుతున్నారు? ఈ ప్రశ్నను దాదాపు ఎవరూ అడగరు. పుస్తకం పేరు, రచయిత పేరు చూసి తృప్తిపడతారు.

అచ్చు పుస్తకంలో రచయితకూ పాఠకుడికీ మధ్య మూడో మనిషి ఉండడు. అక్షరం మౌనంగా ఉంటుంది. అందులోని మనుషులకు గొంతు ఇచ్చేది పాఠకుడి మనసే. శ్రవణ పుస్తకంలో అలా కాదు. అక్కడ మూడో మనిషి వచ్చి కూర్చుంటాడు. ఎవరి మీద జాలిపడాలో, ఎవరిని చూసి నవ్వాలో, ఎవరిని అనుమానించాలో అతని గొంతు మనకంటే ముందే నిర్ణయించి పెడుతుంది. రచయిత రాసిన ఒక్క అక్షరం మార్చకుండానే అతడు కథను మార్చగలడు. అందుచేత ఆ మూడో మనిషిని కూడా మనం గుర్తుపట్టాలి.

దాస్తాన్ నుండి గ్రామఫోను దాకా

కథను చెవితో అందుకోవడం కొత్త విషయం కాదు. ఉర్దూ సాహిత్యంలో దాస్తాన్‌గోయీ అనే ప్రక్రియ శతాబ్దాల పాటు వర్ధిల్లింది. లక్నో, ఢిల్లీ వంటి నగరాల్లో దాస్తాన్‌గో ఒకచోట కూర్చుని, సంగీతం లేకుండా, రంగాలంకరణ లేకుండా, కేవలం మాటతో, ముఖకవళికలతో శ్రోతలను కట్టిపడేసేవాడు. యుద్ధాన్ని వర్ణించే ‘రజ్మ్’, సభను వర్ణించే ‘బజ్మ్’, మాయాలోకాన్ని చూపే ‘తిలిస్మ్’, వేషాలు మార్చి ఎత్తుకు పైఎత్తు వేసే ‘అయ్యారీ’ అనే నాలుగూ ఆ కథలకు స్తంభాలు. దాస్తాన్‌గో నేర్పుల్లో కథను నడిపించడమే కాదు, కథను ఆపి ఉంచడం కూడా ఒకటి. కథలోని ఒకే క్షణాన్ని వర్ణనతో సాగదీస్తూ, శ్రోత లేచి వెళ్లిపోకుండా నిలబెట్టగలవాడే దిట్ట అనిపించుకునేవాడు.

ఈ దాస్తాన్లలో ప్రసిద్ధమైన ‘దాస్తానె అమీర్ హమ్జా’ను లక్నోలోని నవల్ కిషోర్ ముద్రణాలయం 46 సంపుటాలుగా అచ్చువేసింది. ఆ సంపుటాలు నేటికీ ఉన్నాయి. కానీ వాటిని పలికిన గొంతులు పోయాయి. ఢిల్లీలో ఆఖరి దాస్తాన్‌గోగా పేరుపొందిన మీర్ బాఖర్ అలీ 1928లో కన్నుమూశారు. ఆయన గొంతుకు గుర్తుగా 1920లో తీసిన కొద్ది నిమిషాల ధ్వనిముద్రణ మాత్రమే మిగిలింది. 2005లో షమ్సుర్రహ్మాన్ ఫారూఖీ మార్గదర్శనంలో మహమూద్ ఫారూఖీ ఈ కళను తిరిగి వేదిక ఎక్కించినప్పుడు పాఠం చేతిలో ఉంది గానీ, దానిని ఎలా పలకాలన్నది దాదాపు కొత్తగా కనుగొనవలసి వచ్చింది. పాఠం నిలిచినంత మాత్రాన ప్రదర్శన నిలవదు. అవి రెండు వేర్వేరు సంపదలు.

మన తెలుగునేల మీదికి వద్దాం. గుంటూరు జిల్లా పొన్నెకల్లులో 1920లో జన్మించిన షేక్ నాజర్‌ను తెలుగువారు బుర్రకథ పితామహుడిగా గౌరవించారు. 1986లో ప్రభుత్వం ఆయనకు పద్మశ్రీ పురస్కారం ఇచ్చింది. పల్నాటి యుద్ధాన్ని, బొబ్బిలి యుద్ధాన్ని ఆయన నోట విన్న తరం తెలుగునాట ఇంకా ఉంది. బుర్రకథ నిర్మాణంలో ఒక విశేషముంది. నడుమ తంబురతో కథకుడు, అటూ ఇటూ ఇద్దరు వంతలు. ఒక వంత హాస్యం చెబుతాడు, మరో వంత రాజకీయం, అంటే లోకవ్యవహారం మీద వ్యాఖ్య చెబుతాడు. కథ ఏదో, హాస్యం ఏదో, వ్యాఖ్య ఏదో శ్రోతకు కళ్ల ఎదుటే విడివిడిగా కనిపిస్తుంది. శ్రవణ పుస్తకంలో వంతలు లేరు. అయితే హాస్యమూ వ్యాఖ్యా మాత్రం ఎక్కడికీ పోలేదు. అవి చదివేవాడి గొంతులోనే దాగి ఉంటాయి. ఇది కథ, ఇది నా అభిప్రాయం అని అతడు విడదీసి చెప్పడు.

ఇక యంత్రం సంగతి. థామస్ ఎడిసన్ 1877లో ఫోనోగ్రాఫ్‌ను కనిపెట్టాడు. ఆ మరుసటి ఏడాదే దాని ప్రయోజనాలను వివరిస్తూ అంధులకు పుస్తకాలు వినిపించడాన్ని కూడా పేర్కొన్నాడు. అది ఆచరణలోకి రావడానికి అర్ధశతాబ్దం పట్టింది. మొదటి ప్రపంచ యుద్ధంలో చూపు కోల్పోయిన సైనికులకు పెద్ద వయసులో బ్రెయిలీ నేర్వడం కష్టమయింది. వారిని దృష్టిలో పెట్టుకుని బ్రిటన్‌లోని జాతీయ అంధుల సంస్థ 1935లో గ్రామఫోను రికార్డుల మీద ‘మాట్లాడే పుస్తకాలు’ మొదలుపెట్టింది. రికార్డులో ఒక్కో పక్క సుమారు 25 నిమిషాలు వినవచ్చు. ఒక నవలకు పది రికార్డుల దాకా కావలసి వచ్చేవి. అంటే శ్రవణ పుస్తకం వినోదంగా కాక సేవగా పుట్టింది. కళ్లు లేని మనిషికి పుస్తకాన్ని ఉన్నది ఉన్నట్టుగా అందించడం దాని తొలి ధర్మం. ఈనాటి చదివేవారు కూడా గుర్తుంచుకోవలసిన ధర్మమది.

గొంతు నిర్ణయించేవి ఏమిటి?

ఉర్దూ మాట్లాడే ఇళ్లలో పిల్లలకు సరదాగా చెప్పే వాక్యం ఒకటుంది: ‘రోకో మత్ జానే దో.’ ‘రోకో’ తరువాత ఆగితే ‘ఆపండి, పోనివ్వకండి’ అని అర్థం. ‘మత్’ తరువాత ఆగితే ‘ఆపకండి, పోనివ్వండి’ అని అర్థం. మాటలు అవే. వాటి వరుసా అదే. ఆగిన చోటు మారితే ఒక మనిషికి చెర, మరో చోట ఆగితే విడుదల.

మదరసాలో తజ్వీద్ బోధించే మాకు ఇది నిత్యానుభవం. దివ్య ఖుర్ఆన్ ప్రతిలో వాక్యాల పైన చిన్న అక్షరాలు ఉంటాయి. ‘మీమ్’ ఉన్న చోట తప్పక ఆగాలి. ‘లా’ ఉన్న చోట ఆగరాదు. ఆగరాని చోట ఆగితే అర్థం తలకిందులయ్యే ప్రమాదం ఉన్నందునే పూర్వ విద్వాంసులు ఆ గుర్తులు పెట్టారు. దైవగ్రంథంతో కథను పోల్చడం మా ఉద్దేశం కాదు, పోల్చదగినవీ కావు. అయితే ఒక మాట చెప్పుకోవాలి. ఖుర్ఆన్ పఠనానికి నియమాలున్నాయి, ఉస్తాదు ఉన్నాడు, తప్పు పట్టుకునే శ్రోతలున్నారు. కథ చదివేవాడికి ఏ గుర్తులూ లేవు. ఎక్కడ ఆగాలో, ఏ మాట నొక్కాలో, ఎంత వేగంగా పోవాలో అన్నీ అతని విచక్షణకే వదిలేశారు.

‘మీరు వచ్చారా?’ అనే చిన్న వాక్యాన్నే తీసుకోండి. అది ఎదురుచూసిన కూతురి ఆనందం కావచ్చు. అప్పు తీర్చలేని మనిషి భయం కావచ్చు. ఆలస్యంగా వచ్చిన భర్త మీద భార్య నిష్ఠూరం కావచ్చు. కాగితం మీద మూడూ ఒకటే. పాఠకుడు వెనకా ముందూ చూసుకుని తన అర్థం తాను ఎంచుకుంటాడు. కథ వినేవాడికి ఆ ఎంపిక లేదు, చదివేవాడు అప్పటికే ఎంచుకున్నాడు. నవల పొడవునా ఇలాంటి వేల నిర్ణయాలు ఉంటాయి. అవన్నీ కలిసి ఒక భాష్యం అవుతాయి.

‘ఈద్‌గాహ్’ను ఎలా చదవాలి?

ఈ విషయాన్ని మన ఇళ్లకు బాగా పరిచయమున్న ఒక కథతో పరిశీలిద్దాం. ప్రేమ్‌చంద్ 1933లో ప్రచురించిన ‘ఈద్‌గాహ్’ కథను మన పిల్లలు అనేకులు బడిలో చదువుకున్నారు. తల్లీ తండ్రీ లేని నాలుగైదేళ్ల హామిద్ నాయనమ్మ అమీనా దగ్గర పెరుగుతుంటాడు. అబ్బాజాన్ డబ్బు సంపాదించడానికి వెళ్లాడనీ, అమ్మీజాన్ అల్లాహ్ ఇంటి నుండి మంచి మంచి వస్తువులు తేవడానికి వెళ్లిందనీ ఆ పసివాడి నమ్మకం. పండుగ సంతలో తోటి పిల్లలు మట్టి బొమ్మలు, మిఠాయిలు కొనుక్కుంటారు. హామిద్ మాత్రం తన దగ్గరున్న మూడు పైసలతో, రొట్టెలు కాల్చేటప్పుడు చేతులు కాల్చుకునే నాయనమ్మ కోసం ఒక చిమ్టా, అంటే ఇనుప పట్టకారు కొంటాడు.

ముందుగా పేరు దగ్గరే పరీక్ష మొదలవుతుంది. కథలోని బాలుడు ‘హామిద్’. చాలామంది ‘హమీద్’ అని చదివేస్తారు. అరబ్బీ తెలిసినవారికి ఇవి రెండు వేర్వేరు పేర్లు. హామిద్ అంటే స్తుతించేవాడు, హమీద్ అంటే స్తుతికి అర్హుడు. చిన్న విషయంలాగే తోచవచ్చు. కానీ మనిషి పేరును సరిగా పలకడం అతని పట్ల చూపే మొదటి మర్యాద.

తరువాత ప్రశ్న స్వరానిది. తల్లిదండ్రుల గురించి హామిద్ నమ్మకాన్ని చెప్పే వాక్యాలను ఏ గొంతుతో చదవాలి? వారు మరణించారని రచయిత మనకు ముందే చెప్పాడు. చదివేవాడికి తెలుసు, వినేవాడికి తెలుసు. తెలియనిది హామిద్‌కే. ఆ వాక్యాలను ఏడుపు గొంతుతో చదివితే అది చదివేవాడి దుఃఖమవుతుంది, హామిద్ ఆశ కాదు. పిల్లవాడు సంతోషంగా ఉన్నాడు. అతని సంతోషాన్ని సంతోషంగానే వినిపించాలి. అప్పుడే వినేవాడి గుండె దానంతట అదే బరువెక్కుతుంది. చదివేవాడు ముందే ఏడ్చేస్తే శ్రోతకు ఏడ్వడానికి ఏమీ మిగలదు.

పట్టకారు బేరమాడే ఘట్టం కూడా అంతే. దుకాణదారుడు ఆరు పైసలంటాడు, తరువాత అయిదంటాడు. హామిద్ గుండె దిటవు చేసుకుని మూడు పైసలకు అడుగుతాడు. ఆపైన పట్టకారును తుపాకీలా భుజాన వేసుకుని దర్జాగా నడుస్తాడు. స్నేహితుల మట్టి సిపాయి, మట్టి వకీలు తన ఇనుప పట్టకారు ముందు నిలవలేరని వాదించి గెలుస్తాడు. ఈ భాగాన్ని కొందరు ‘పాపం పేద పిల్లవాడు’ అన్న ధోరణిలో చదువుతారు. అలా చదివితే కథ సగం చచ్చిపోతుంది. వాదంలో హామిద్ గెలిచాడు. అతని గొంతులో విజయగర్వం ఉండాలి, కుర్రతనపు బడాయి ఉండాలి. అతనికి మన జాలి అవసరం లేదు.

ఇక ముగింపు. ఏమీ తినక, తాగక పట్టకారు పట్టుకొచ్చిన మనవణ్ణి అమీనా కోప్పడుతుంది. నాయనమ్మ వేళ్లు పెనం మీద కాలుతున్నాయి గనుక కొన్నానని హామిద్ జవాబిస్తాడు. ఇక్కడ ప్రేమ్‌చంద్ స్వయంగా చదివేవారికి ఒక సూచన వదిలాడు. హామిద్ ఆ మాటను అపరాధ భావంతో చెప్పాడని రాశాడు. తప్పు చేసినవాడి గొంతు అది, త్యాగం చేసినవాడి గొంతు కాదు. తాను గొప్ప పని చేశానని పిల్లవాడికి తెలియదు. ఆ మాటను వీరోచితంగానో, తియ్యతియ్యగానో చదివితే రచయిత ఆదేశాన్ని ధిక్కరించినట్టే. ఆ వెంటనే అమీనా కోపం మూగప్రేమగా మారుతుంది. మూగప్రేమను గొంతుతో ఎలా వినిపించాలి? ఒకటే దారి, ఆగడం. రెండు క్షణాల నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దాన్ని భరించలేక వెనక వయొలిన్ మోగించేవారు కోకొల్లలు. మన పాఠకుల్లో చాలామంది సంగీతం లేని పఠనాన్నే కోరుకుంటారు. వారి కోరికకు ధార్మిక కారణం ఉండనే ఉంది. సాహిత్య కారణం కూడా అంతే బలమైనదని ఈ కథ చూపుతుంది.

ఉర్దూ గద్యపఠనంలో ఈ నిగ్రహానికి నిదర్శనంగా పాకిస్తాన్‌కు చెందిన జియా మొహియుద్దీన్ (1931–2023) నిలుస్తారు. లండన్‌లో నటనాశిక్షణ పొందిన ఆయన గాలిబ్ లేఖలను, పత్రస్ బుఖారీ, ముష్తాఖ్ అహ్మద్ యూసుఫీల హాస్యరచనలను చదివి వినిపించేవారు. హాస్యం చదివేటప్పుడు ఆయన తాను నవ్వరు. మాటకు మాటకు మధ్య కావలసినంత చోటిచ్చి నిలకడగా చదువుతారు. నవ్వు శ్రోతల నుండి వస్తుంది. నటనలో శిక్షణ పొందిన మనిషి నటనను ఎంత తగ్గించుకున్నారో ఆ ధ్వనిముద్రణలు వింటే తెలుస్తుంది.

రహస్యాన్ని దాచే గొంతు

1935లో బ్రిటన్ అంధుల కోసం విడుదలైన తొలి పుస్తకాల్లో అగాథా క్రిస్టీ నవల ‘ద మర్డర్ ఆఫ్ రోజర్ అక్రాయిడ్’ ఒకటి. 1926లో వెలువడిన ఈ అపరాధ పరిశోధన నవలను ఒక గ్రామ వైద్యుడు ‘నేను’ అంటూ చెబుతాడు. పాఠకుడికి చివరిదాకా తెలియకూడని ఒక విషయం ఆ కథలో ఉంది. అదేమిటో ఇక్కడ చెప్పి, చదవబోయేవారి ఆసక్తిని చెరపడం భావ్యం కాదు.

అచ్చులో రహస్యం కాపాడటం రచయిత్రి పని. ఆమె మాటలను తూచి రాసింది. గట్టిగా చదివేటప్పుడు ఆ భారం గొంతు మీద పడుతుంది. చదివేవాడికి ముగింపు తెలుసు. ఒక వాక్యం దగ్గర అనవసరంగా ఆగినా, ఒక మాటను అర్థవంతంగా నొక్కినా రహస్యం బయటపడుతుంది. అలాగని బొత్తిగా చప్పగా చదివితే ముగింపు తెలిశాక వెనక్కి తిరిగి చూసుకునే శ్రోతకు మోసపోయినట్టుంటుంది. అబద్ధమాడకుండా నిజాన్ని దాచే గొంతు కావాలి. ‘నేను’ అని సాగే కథలన్నిటికీ ఈ ఇబ్బంది ఎంతో కొంత ఉంటుంది. పుస్తకంలో ‘నేను’ ఎవరో మనం ఊహించుకుంటాం. శ్రవణ పుస్తకంలో ఆ ‘నేను’కు వయసు, యాస, స్వభావం మొదటి నిమిషంలోనే ఖాయమైపోతాయి.

సాయిబు పాత్రకు ఏ గొంతు?

ఇప్పుడు మనకు అతి దగ్గరైన విషయానికి వద్దాం. తెలుగు నాటకాల్లో, చలనచిత్రాల్లో ముస్లిం పాత్ర అనగానే ఒక మూస సిద్ధంగా ఉంటుంది. మాటమాటకూ ‘కీ’ తగిలించడం, ఏకవచన బహువచనాలు తారుమారు చేయడం, వాక్యానికొకసారి ‘అరె భాయ్’ అనడం. ప్రేక్షకులు నవ్వాలన్నదే దాని ప్రయోజనం. ఈ మూస ఇప్పుడు శ్రవణ కథల్లోకి కూడా వస్తోంది.

ఆ మధ్య మేము విన్న ఒక కథలో అత్తరు అమ్ముకునే ముసలి సాయిబు పాత్ర ఉంది. అచ్చు ప్రతిలో రచయిత అతని చేత సాదా తెలుగే మాట్లాడించాడు. కష్టసుఖాలు తెలిసిన పెద్దమనిషిగా తీర్చిదిద్దాడు. చదివిన వ్యక్తి మాత్రం అతనికి వంకర తెలుగును, కీచు గొంతును తగిలించాడు. రచయిత గౌరవించిన మనిషిని గొంతు గేలి చేసింది. ఆ కథను వింటున్న పిల్లలు నవ్వారు. వారిలో మన పిల్లలూ ఉన్నారు. తమ తాతను పోలిన మనిషిని చూసి తామే నవ్వడం నేర్చుకుంటున్న పిల్లల విషయం ఆలోచించవలసినది. అచ్చులో రాసి ఉంటే ఎవరైనా వేలుపెట్టి చూపగలరు, రచయితను నిలదీయగలరు. గొంతులో జరిగిన అవమానానికి కాగితం మీద సాక్ష్యం దొరకదు.

వాస్తవం ఏమిటి? రెండు తెలుగు రాష్ట్రాల ముస్లిములందరిదీ ఒకే యాస కాదు. ఉర్దూ మాతృభాషగా గలవారున్నారు. దూదేకుల సోదరుల వలె తెలుగే ఇంటిభాషగా గలవారూ ఉన్నారు. మహమ్మద్ ఖదీర్‌బాబు ‘దర్గామిట్ట కతలు’లో వినిపించేది నెల్లూరు తెలుగు. వేంపల్లె షరీఫ్ ‘జుమ్మా’లోని మనుషులది కడప సీమ బతుకు. ఈ రెంటికీ కలిపి ఒకే ‘సాయిబు యాస’ తగిలించేవాడు రెండు పుస్తకాలకూ అన్యాయం చేస్తాడు. తెలుగు పలుకుబడిని ఊరూరా మోగించిన షేక్ నాజర్ కూడా ముస్లిమే కదా!

యాసే వద్దని మేము అనడం లేదు. యాసను తుడిచేసి అందరి చేతా ఒకే పత్రికా భాష మాట్లాడించడం మరో రకం అన్యాయం. పాతబస్తీ మనిషి పాతబస్తీ మనిషిలాగే వినిపించాలి. అనుకరణ వేరు, ఎగతాళి వేరు. రెంటినీ వేరుచేయడానికి ఒక సులభమైన పరీక్ష ఉంది. ఆ పాత్ర తల్లి ఎదురుగా కూర్చుని వింటుంటే చదివేవాడు ఇలాగే చదువుతాడా? ఆమె ముఖం చిన్నబోతుందనుకుంటే అది ఎగతాళి. తన బిడ్డ గొంతు విన్నట్టు ఆమె మురిసిపోతుందనుకుంటే అది కళ.

ఈ పరీక్ష మనకూ వర్తిస్తుంది. పిల్లలకు కథ చెబుతూ పల్లెటూరి మనిషి ఉర్దూను, కూలిజనం మాటను, పొరుగువారి ఉచ్చారణను వెక్కిరించే అలవాటు మన ఇళ్లలోనూ లేకపోలేదు. మన పట్ల ఏ న్యాయం కోరుతామో ఇతరుల పట్ల అదే పాటించాలి.

ఒక గొంతా? వంద గొంతులా?

పాత్రకొక గొంతు ఉంటే ఈ సమస్య తీరుతుందా? హారీ పోటర్ నవలలను బ్రిటన్‌లో స్టీఫెన్ ఫ్రై, అమెరికాలో జిమ్ డేల్ చదివారు. ఫ్రై ఇంటి పెద్ద ఒకరు ఆప్యాయంగా చెబుతున్నట్టు సాగిపోతారు. డేల్ పాత్రలకు వేర్వేరు గొంతులు ఇస్తారు. పుస్తకం ఒకటే అయినా రెండు దేశాల పిల్లలు రెండు రకాలుగా విన్నారు. ఏ పిల్లలకు తాము మొదట విన్న గొంతే అసలైనదిగా తోస్తుంది. జార్జ్ సాండర్స్ నవల ‘లింకన్ ఇన్ ద బార్డో’ను 2017లో ఏకంగా 166 మంది కలిసి చదివారు. ఎన్నో ఆత్మలు గుంపుగా మాట్లాడే ఆ నవలకు అది తగినదే. అయితే ప్రతి కథకూ అది తగదు. ‘ఈద్‌గాహ్’ను పదిమంది నటులు పంచుకుంటే నాటకం అవుతుంది. ఒక మనిషి మరో మనిషికి కథ చెప్పే దగ్గరితనం పోతుంది.

ఇప్పుడు యంత్రం పుట్టించే గొంతులు కూడా వచ్చాయి. అవి అలసిపోవు. వార్తలకు, పాఠాలకు ఉపయోగపడతాయి. కానీ హామిద్ ఎందుకు తప్పు చేసినవాడిలా మాట్లాడాడో చదివే మనిషి తన బాల్యం నుండి తెలుసుకుంటాడు. నాయనమ్మ చేత తిట్లు తిన్నవాడికి ఆ స్వరం నేర్పనక్కరలేదు.

మన ఇళ్లలో చేయదగినవి

పిల్లలకు ఏ శ్రవణ పుస్తకమైనా పెట్టేముందు మొదటి పది నిమిషాలు పెద్దలు వినాలి. వీలైతే కథ నడుమ నుండి మరో అయిదు నిమిషాలు వినాలి. మొదట అందరూ జాగ్రత్తగానే చదువుతారు, అలవాట్లు నడుమ బయటపడతాయి. పేదవాడు, పనిమనిషి, ముసలివాడు, పరాయి మతస్థుడు మాట్లాడేటప్పుడు గొంతు ఎలా మారుతుందో గమనించండి. చదివేవాడి సంస్కారం కథానాయకుడి మాటల్లో తెలియదు, చిన్న పాత్రల మాటల్లోనే తెలుస్తుంది.

రెండవది, వేగం. ఫోనులో ఒకటిన్నర రెట్లు, రెండు రెట్లు వేగంతో వినే సదుపాయం ఉంది. ఉపన్యాసానికి పనికిరావచ్చు గానీ కథకు పనికిరాదు. వేగం పెంచినప్పుడు మొదట నలిగిపోయేది నిశ్శబ్దమే. అమీనా ప్రేమ ఆ నిశ్శబ్దంలోనే ఉంది.

మూడవది, కథ పూర్తయ్యాక పిల్లవాణ్ణి ఒక ప్రశ్న అడగండి. ‘‘ఆ తాత మాటను నువ్వయితే ఎలా చదివేవాడివి?’’ అని అడిగి, అచ్చు పుస్తకంలోని ఆ పుట తీసి చదివించండి. గొంతు చెప్పింది వేరు, అక్షరం చెప్పింది వేరు కావచ్చునని పిల్లవాడికి అప్పుడు తెలుస్తుంది. ఆ వివేకం కథలతో ఆగదు. రేపు ఎవరైనా గంభీరమైన గొంతుతో ఏదైనా చెబితే, ఇది మాట బలమా, గొంతు బలమా అని ఆగి ఆలోచించగలుగుతాడు.

నాలుగవది, మన యువతీయువకులు ఈ రంగంలోకి రావాలి. ‘ఖ’, ‘గ’, ‘జ’ల అరబ్బీ ఉచ్చారణ తెలిసినవారు, తెలుగు పలుకుబడి మీద పట్టున్నవారు మన మదరసాల్లో, కళాశాలల్లో ఉన్నారు. ముస్లిం జీవితాన్ని చిత్రించిన తెలుగు కథలను సరైన పేర్లతో, సరైన యాసతో, గౌరవంగా చదివి భద్రపరిస్తే అది భాషకూ సేవ, సమాజానికీ సేవ. మూసను తిట్టుకుంటూ కూర్చోవడం కన్నా మంచి గొంతును ముందుకు తేవడం మేలు.

అన్నిటికన్నా సులభమైనది చివరిది. వారానికి ఒక సాయంత్రం ఇషా నమాజు తరువాత ఫోనులన్నీ పక్కన పెట్టి ఇంట్లో ఒకరు కథ చదవండి, మిగతావారు వినండి. మొదటి వారం ‘ఈద్‌గాహ్’ పెట్టుకోవచ్చు. హామిద్ మాటలను ఇంటి చిన్నవాడు, అమీనా మాటలను దాదీగారు లేదా నానీగారు చదవనీయండి. ఉచ్చారణ తడబడినా ఫరవాలేదు. విదేశాల్లో ఉన్న మనవళ్ల కోసం దానిని ఫోనులో భద్రపరిచి పంపండి. మీర్ బాఖర్ అలీ గొంతు లోకానికి కొద్ది నిమిషాలే మిగిలింది. మన ఇంటి పెద్దల గొంతు అంతకన్నా ఎక్కువ మిగలడం మన చేతుల్లో ఉంది.